పెట్టెలోంచి లేచిన పిన్ని

మొన్న శనివారం మధ్యాహ్నం నేను బఠాణీలు ఒలుచుకుంటూ కూర్చుంటే, మా మనవరాలు సగం ముఖానికి పుర్రెలా రంగులు పూసుకుని, మిగతా సగం మామూలుగా వదిలేసి, ఎర్రచుక్కల గౌను వెనక హుక్కులు పెట్టమని వచ్చి నా ముందు నిలబడింది. అదీ, దాని కాలేజీ స్నేహితులూ కలిసి ఒక బృందం పెట్టుకున్నారు. దక్షిణ కలకత్తాలో కాఫీ దుకాణాల్లో వాయిస్తూ ఉంటారు. ఆ సంగీతాన్ని సైకోబిల్లీ అంటారట. మన వయసువాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే, మనం కుర్రతనంలో విన్న రాక్ అండ్ రోల్‌కి దెయ్యం పడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పాటల నిండా శ్మశానాలూ, పిశాచాలూ, సమాధుల్లోంచి లేచొచ్చే పెళ్ళికూతుళ్ళూ. వేషాల నిండా ఈకల విసనకర్రలూ, వలల మేజోళ్ళూ, కుచ్చుల లంగాలూ. భయపెడుతున్నట్టే ఉంటారు కానీ నవ్విస్తారు, సిగ్గు విడిచినట్టే కనిపిస్తారు కానీ మనకంటే ఎక్కువే కప్పుకుని ఉంటారు. ఇదంతా నాకు కొత్త అనుకుని అది ఫోనులో ఒక పాట పెట్టింది. నిలువెత్తు వయొలిన్ లాంటి బేస్ తీగల్ని లాగి వదిలి, అరచేత్తో చరిచే ఆ టకటక చప్పుడు వినగానే నా వేళ్ళు ఆగిపోయాయి. ఇది నాకు తెలుసే అన్నాను. నమ్మలేదు. హుక్కులు పెడుతూ దానికి చెప్పడం మొదలుపెట్టిన సంగతే, తీరిగ్గా మీకు చెబుతున్నాను.

అప్పట్లో మేం కలకత్తా రేవు పక్కన వాట్‌గంజ్‌లో ఉండేవాళ్ళం. మా తాతగారి కాలంలోనే శ్రీకాకుళం వైపునుంచి వచ్చి రేవులో కుదురుకున్న కుటుంబం మాది. నాన్న రేవులో వడ్రంగి, మా తెలుగు చర్చిలో పెద్ద. రెండు గదుల ఇంట్లో అమ్మా, నాన్నా, అన్నయ్యా, నేనూ, పెళ్ళి చేసుకోని మా చిన్నాన్నా ఉండేవాళ్ళం. ఆ ఇంట్లో ఆరో మనిషిలాగా ఒక మూల, పాత దుప్పటి కప్పుకుని, చిన్నాన్న బేస్ నిలబడి ఉండేది. దాని నడుం చుట్టూ చోటు వదిలి పక్కలు వేసుకునేవాళ్ళం. చిన్నప్పుడు నేను దాన్ని ఎవరో పెద్దమ్మగారనే అనుకునేదాన్ని.

చిన్నాన్న పార్క్ స్ట్రీట్ హోటళ్ళలో బేస్ వాయించేవాడు. మధ్యాహ్నం నల్లకోటు ఇస్త్రీ చేసుకుని వెళుతుంటే వీధి వీధంతా చూసేది. అందులో ఒక హోటల్లోనే ఒక ఆంగ్లో ఇండియన్ ఆవిడ డాన్సు చేసేది. ఈ రోజుల్లో బర్లెస్క్ అని గౌరవంగా పిలుస్తున్నారే, అలాంటి డాన్సు. ఒంటిమీది బట్టలకంటే చేతిలోని విసనకర్రకే ఎక్కువ పని ఉండేదట. చిన్నాన్న ఆవిడను పెళ్ళి చేసుకుంటానన్నాడు. నాన్న వద్దన్నాడు. వాట్‌గంజ్‌లో ఉంటున్నామంటేనే, ఆ సందుల్లో సానికొంపలున్నాయని జనం అదోలా నవ్వుతారు, ఇక ఇంటికి హోటల్ డాన్సర్ని కూడా తెస్తే చర్చిలో తలెత్తుకోలేమని ఆయన బాధ. చిన్నాన్న ఎదురు చెప్పలేదు, వేరే పెళ్ళీ చేసుకోలేదు. ఆ రోజునుంచి అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఒకే పళ్ళెంలోంచి చేపముక్కలు వడ్డించుకుంటూ కూడా అమ్మ ద్వారానే మాట్లాడుకునేవారు. “నీ మరిదికి ఉప్పు కావాలేమో అడుగు” అని ఆయనా, “అన్నకి జొరం తగ్గిందా వదినా” అని ఈయనా. అమ్మ మధ్యలో తంతి తపాలా ఆఫీసులాగా ఉండేది.

తరవాత హోటళ్ళు ఒక్కొక్కటే బ్యాండులు తీసేశాయి. చిన్నాన్న రేవులో సరుకు లెక్కచూసే పనిలో చేరాడు, బేస్ దుప్పటి కప్పుకుంది. ఆవిడ ఏక్‌బాల్‌పూర్‌లో ఒక గది తీసుకుని పిల్లల గౌన్లు కుట్టుకుంటూ బతికింది. ఆదివారం ఆరాధన అయ్యాక చిన్నాన్న అటు వెళ్ళి టీ తాగి వచ్చేవాడు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఇలా ఉండగా అన్నయ్యకు రేవులో ఎవరో విదేశీ నావికుడు ఒక క్యాసెట్ ఇచ్చాడు. దానిమీద అట్ట లేదు, పేరు లేదు. ఇంట్లో టేప్‌రికార్డర్ ఉండటమే గొప్పగా చెప్పుకునే రోజులవి. నాన్న లేని సాయంత్రం చూసి పెట్టాం. మొదట ఎవరో గొంతు చించుకుని నవ్వారు, తలుపు కిర్రుమంది, ఆపైన గిటారూ, డ్రమ్ములూ, వాటన్నిటినీ తోసుకుంటూ బేస్ చప్పుడు. నేను చెవులు మూసుకున్నాను. పక్కగదిలో పడుకున్న చిన్నాన్న మాత్రం లేచి వచ్చి గుమ్మంలో నిలబడి పాట మొత్తం విన్నాడు. తరవాత దుప్పటి తీసి, తీగలు బిగించి, అరచేత్తో ఒక్కటి చరిచాడు. అలమరలో గ్లాసులు గలగలమన్నాయి. ఆయన నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందో.

అలా మొదలైంది మా బృందం. చిన్నాన్న బేస్, అన్నయ్య గిటారు, అన్నయ్య స్నేహితుడు ఒకాయన డ్రమ్ములు, చర్చి గాయకబృందంలో ఉన్నానన్న ఒక్క అర్హతతో నేను పాట. విదేశీ దెయ్యాలు మనకెందుకని, ఊళ్ళో ఉన్న దెయ్యాలనే తీసుకున్నాం. బెంగాలీ దెయ్యాలకు కొదవేముంది! శంఖం గాజులు తొడుక్కుని తిరిగే శాఖ్‌చున్ని ఉంది, చేపల కోసం వెంటపడే మేఛో భూత్ ఉన్నాడు. రేవు గేటు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళను అడుక్కునే దెయ్యం మీద అన్నయ్య సగం తెలుగూ సగం బెంగాలీగా పాట కట్టాడు. “చేపైనా ఇయ్యి దాదా, చెయ్యైనా ఇయ్యి” అని నేను జుట్టు విరబోసుకుని పాడాలి. దాదా అంటే బెంగాలీలో అన్న. మొదటిసారి ముఖానికి సుద్ద పూసుకుని అమ్మకు చూపించాను. అమ్మ తేరిపార చూసి, “ఓలమ్మో, నిన్ను సూసి ఆ దెయ్యవే జడుసుకుంటాదే” అని, తన తెల్లచీర పాతది ఒకటి తీసి ఇచ్చింది. నాన్నకు చెప్పొద్దని నేను అనలేదు, చెబుతానని ఆవిడా అనలేదు.

వేషం, పాట అయితే కుదిరాయి కానీ నాకు స్టేజీమీద నడవడం రాలేదు. అప్పుడు చిన్నాన్న నన్ను ఏక్‌బాల్‌పూర్ గదికి తీసుకెళ్ళాడు. కుట్టుమిషన్ పక్కన ఆవిడ, నలభై దాటిన మనిషి, కళ్ళజోడు పెట్టుకుని కాజాలు కుడుతోంది. హోటల్ డాన్సర్ అంటే ఎలా ఉంటుందని ఊహించుకున్నానో కానీ, మా సండేస్కూలు టీచరుగారిలాగే ఉందే అని నేను నిరాశపడిన మాట నిజం. నన్ను ఒకసారి నడవమంది. నడిచాను. హిందీలో, “నువ్వు జనాన్ని చూసి భయపడుతున్నావు, దెయ్యానివి నువ్వా వాళ్ళా?” అంది. లేచి, టేబుల్‌మీది కాగితం మడత ఒకటి విసనకర్రలా పట్టుకుని, గది ఈ చివరనుంచి ఆ చివరకు నడిచింది. అంతే, సండేస్కూలు టీచరు ఎటు పోయిందో పోయింది. భుజం మీదుగా ఒక్కసారి వెనక్కి చూసి, చూడకూడనిదేదో చూపించబోతున్నట్టు కాగితం కొంచెం దించి, చివరికి నాలుక బయటపెట్టి వెక్కిరించింది. నేను నేలమీద కూలబడి నవ్వాను. చిన్నాన్న గోడకు ఆనుకుని ఆవిడనే చూస్తున్నాడు. ఆ చూపు చూశాక, ఈ పెళ్ళి ఎందుకు జరగకూడదో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

ఆవిడను కూడా మాతో స్టేజీ ఎక్కించాలన్నది నా పంతమే. క్రిస్మస్ వారంలో రేవు కార్మికుల హాల్లో మధ్యాహ్నం పూట కుటుంబాలన్నిటికీ వేడుక జరిగేది. మొదట మా చర్చివాళ్ళ కీర్తనలు, తరవాత నాటికలూ మ్యాజిక్కూ, ఆఖరున భోజనం పొట్లాలు. పొట్లాలకు ముందు మాది. చివరి పాటలో ఒక శవపేటికలోంచి ఆవిడ తెల్లగౌనులో దెయ్యం పెళ్ళికూతురుగా లేచి, ఈకల విసనకర్రతో డాన్సు చేయాలి. సరుకు పెట్టెల చెక్కలతో అన్నయ్య పేటిక తయారుచేశాడు, గాలికి పక్కలకు కన్నాలు పెట్టాడు, ముందురోజు సాయంత్రం నిగనిగలాడే నల్లరంగు వేశాడు.

కీర్తనలు అయ్యాక నాన్న వెళ్ళిపోతాడనుకున్నాం. పొట్లాలు వదిలేసి వెళ్ళడమేమిటని అమ్మ కూర్చోబెట్టేసింది. తెర లేచేసరికి మొదటి వరసలో కోటు వేసుకుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని మా నాన్న. నేను తెల్లచీర కొంగు ముఖం మీదకు లాక్కున్నాను. కానీ చిన్నాన్న ఆయనవైపు చూడనైనా చూడకుండా తీగ చరిచాడు, ఇక పాడక తప్పలేదు. “చేపైనా ఇయ్యి దాదా” అనగానే జనం ఈలలు వేశారు. నాన్న కదల్లేదు, మెదల్లేదు.

చివరి పాట వచ్చింది. పేటిక లోపలినుంచి ఆవిడ టక టక టక అని తాళానికి సరిగ్గా తట్టాలి, మూడోసారి తట్టగానే మూత తెరుచుకోవాలి. తట్టింది. మూత తెరుచుకోలేదు. మళ్ళీ తట్టింది. హాలంతా ఇదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొడుతోంది. అప్పుడు తట్టడం తాళం తప్పింది. నేను గమనించనేలేదు, చిన్నాన్న గమనించాడు. ఆవిడ ఆయన ముందు ఎన్నడూ తాళం తప్పిన మనిషి కాదు. ఆయన చెయ్యి తీగలమీదే ఆగిపోయింది, ముఖం తెల్లబోయింది. అన్నయ్య గిటారు పక్కన పెట్టి మూత లాగుతున్నాడు, అది రావడంలేదు.

బైబిలు అమ్మ ఒళ్ళో పెట్టి నాన్న లేచాడు. మెట్లున్న వైపు కూడా వెళ్ళకుండా నేరుగా స్టేజీ ఎక్కాడు. పేటిక అంచు మీద వేలు పెట్టి చూసి అన్నయ్యను కసిరాడు. “రంగు ఆరకుండానే మూతేసీసినావేట్రా? అంటుకుపోనాది!” ఆపైన తలెత్తి, ఎన్నో ఏళ్ళుగా పేరు పెట్టి పిలవని తమ్ముడివైపు చూసి గట్టిగా అన్నాడు.

“ఒరే, అలా సూస్తావేటి? ఆ కొస పట్టు!”

చిన్నాన్న బేస్‌ను నా మీదకు వాల్చేసి పరిగెత్తాడు. చెరో కొస పట్టుకున్నారు. నాన్న పిడికిలితో అంచు పొడవునా గుద్దుకుంటూ వచ్చి, “ఇప్పుడు లాగు” అన్నాడు. పెద్ద చప్పుడుతో మూత ఊడి వచ్చింది. అన్నదమ్ములిద్దరూ చెరోవైపూ మూత పట్టుకుని నిలబడి ఉంటే, మధ్యలోంచి చెమటకు ముఖంమీది పుర్రె రంగు కారిపోతూ, తలమీద ముసుగు ఒక పక్కకు ఒరిగిపోయి, చేతిలో ఈకల విసనకర్రతో ఆవిడ మెల్లగా లేచి కూర్చుంది. హాలు ఊపిరి బిగబట్టింది. ఆవిడ నాన్నను చూసింది. ఎవరో తెలుసుకుంది. ఆ స్థితిలో ఇంకొకరైతే ఏడ్చేవారేమో. ఆవిడ విసనకర్రతో ముఖం సగం కప్పుకుని, చిన్నాన్న దగ్గర ఎప్పుడు నేర్చుకుందో ఏమో, చక్కటి తెలుగులో “వందనాలు అన్నగారూ” అంది.

హాలు పగిలిపోయింది. వెనక వరసల్లో జనం బెంచీలు ఎక్కారు. నాన్న రెండు అరచేతులూ నల్లరంగు. పెదవులు బిగించుకున్నాడు, బిగించుకున్నాడు, ఇక ఆగలేక నవ్వేశాడు. “వందనాలమ్మా” అని, “దెబ్బేటీ తగల్లేదు కదా?” అని అడిగి, చెయ్యి అందించి లేపాడు. తెల్లగౌను మీద ఆయన చేతి నల్లముద్ర పడింది. చిన్నాన్న వచ్చి నా దగ్గరనుంచి బేస్ అందుకున్నాడు. ఆ మిగిలిన పాట ఆయన వాయించినట్టు అంతకుముందు గానీ ఆ తరవాత గానీ నేను వినలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు బేస్‌ను చెరోవైపూ పట్టుకుని అన్నదమ్ములిద్దరూ ముందు నడిచారు. దారి పొడవునా మాట్లాడుకున్నది శవపేటిక మూతకు కీళ్ళు ఎక్కడ పెట్టాలన్న సంగతే. ఆ వారంలోనే నాన్న దాన్ని విప్పి, చిత్రిక పట్టి, ఇత్తడి కీళ్ళతో మళ్ళీ బిగించాడు. చర్చిలో ఒకరిద్దరు సణిగారు. మా ఇంటి సంగతి మేం చూసుకుంటామని నాన్నే జవాబిచ్చాడు. ఈస్టరు దాటాక మా చర్చిలోనే పెళ్ళి జరిగింది. పిన్ని మా రెండు గదుల ఇంటికే వచ్చింది, కుట్టుమిషన్‌తో సహా. దాంతో మేం పక్కలు ఎలా వేసుకునేవాళ్ళమో ఇప్పుడు తలుచుకుంటే నాకే అర్థం కాదు. షాలిమార్ రైల్వేవాళ్ళ హాల్లోనూ, ఇంకో నాలుగైదు చోట్లా ఆ పాటలు పాడాం. తరవాత నాకు బడిలో సంగీతం టీచరు ఉద్యోగం వచ్చింది, అన్నయ్యకు పెళ్ళయింది, ఎవరూ మానేద్దామని అనకుండానే బృందం ఆగిపోయింది. బాధేమీ అనిపించలేదు, అప్పటికి తనివితీరా పాడేశాం. చిన్నాన్నా, పిన్నీ మాత్రం ముసలితనం వచ్చేదాకా ఆదివారం మధ్యాహ్నం టీ తాగుతూ, బల్లమీద వేళ్ళతో తాళం వేసుకుంటూ కూర్చునేవారు. వాళ్ళు వెళ్ళిపోయి చాలా కాలమైంది.

ఇప్పుడు పిల్లలు ఏ వేషం వేసినా ఇంట్లో ఎవరూ కాదనరు. మా అమ్మాయీ అల్లుడూ ముందువరసలో కూర్చుని ఫోనులో వీడియో తీస్తారు. అది మంచికే వచ్చిన మార్పు, నేను సంతోషిస్తాను. అయితే ఒక్కటి మాత్రం మనసులో మెదులుతూ ఉంటుంది. ఆ రెండు గదుల్లో ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకోకపోతే, ఆ మౌనం ఇల్లంతటికీ తెలిసేది. అన్నం వడ్డించేటప్పుడు అమ్మ చేతికి తగిలేది, పక్కమీద ఒత్తిగిలితే మా వీపులకు తగిలేది. అందుకే అది ఎప్పుడు పోతుందా అని అందరం ఎదురుచూశాం. ఇప్పుడు మా ఫ్లాట్‌లో మనిషికో గది, గదికో తలుపు. ఎవరికీ ఎవరిమీదా కోపం లేదు. కానీ ఒకరితో ఒకరు మాట్లాడి నాలుగు రోజులు గడిచిపోయినా, మాట్లాడలేదన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.