కింద పెట్టిన కాఫీ కప్పు

సౌదీలోని హుఫూఫ్‌లో నా పని ఈ వారంతో ముగుస్తుంది. ట్రెజరీలో ఉద్యోగ విరమణ చేశాక ఇంట్లో కూర్చోలేక, ఇక్కడ చిక్కుకుపోయిన మన పనివాళ్ళకు సాయం చేసే ఒక సేవా సంస్థ తరఫున వచ్చాను. రెండేళ్ళు గడిచాయి. ఇప్పుడు పెట్టె సర్దుతున్నాను. డైరీలు అడుగున, బట్టలు పైన. బరువైనవి కింద పెట్టాలని మా ఆవిడ ఫోనులో చెప్పింది. అప్పటికే అలా సర్దేశాను గానీ, ఆ మాట అనకుండా ఊఁ కొట్టాను.

ఫైళ్ళన్నీ నా తర్వాత వచ్చినతనికి నెల ముందే అప్పగించాను. ఒక్కటి మాత్రం ముగించి వెళ్ళాలని నా దగ్గరే ఉంచుకున్నాను. అది రాజంపేట వైపు నుంచి వచ్చిన ఒకామెది. ఇక్కడి ఇంట్లో వంట చేస్తూ, ఆ ఇంటి ముసలమ్మను చూసుకునేది. ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్ళీ రానక్కర్లేకుండా, ఇంటికి వెళ్ళిపోవాలన్నది ఆమె కోరిక. కఫీల్, అంటే ఆమెను తెచ్చుకున్న యజమాని, సరేనంటే తప్ప అది జరగదు. ఆయనేమో సెలవు తీసుకో, మళ్ళీ రా అనేవాడు. ఆ సెలవు కూడా రంజాన్ పోనీ, హజ్ పోనీ అంటూ వెనక్కి జరిగేది. ఆమె ఆఖరిసారి ఇంటికి వెళ్ళొచ్చేనాటికి మనవరాలు పుట్టలేదు. ఇప్పుడా పిల్లకు మూడేళ్ళు.

ఆమె మొదటిసారి ఆఫీసుకు వచ్చినప్పుడు నా వరుసలో నేను ప్రశ్నలు అడిగాను. కొడుతున్నారా? జీతం ఆపారా? తిండి సరిగా పెట్టడం లేదా?

“ఏం తక్కువ లేదు సార్. ఆ ముసలామె నా చేతి కూడు తప్ప తినదు. ఈడి ఎర్రబియ్యంతో పులగం చేసి పెడితే చిన్నబిడ్డ మాదిరి ఇంకో ముద్ద అంటాది. తిట్టేవాళ్ళయితే ఎప్పుడో పారిపోయుందును. మంచోళ్ళ కాడ్నుంచి ఎట్ట పారిపోయేది?”

“మరి ఉండిపోవచ్చు కదమ్మా?”

“మా మనవరాలు ఫోన్నే అవ్వ అంటాంది సార్. నేను మాట్లాడకపోయినా దాన్ని పట్టుకోని, అవ్వకు బువ్వ పెట్టాలంటాదంట. పప్పు అంటుకుంటే మా కోడలు తుడుచుకోలేక చస్తాంది.”

ఆ ఫిర్యాదును ఫారంలో ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు.

ఎన్నిసార్లు ఫోన్ చేసినా కఫీల్ మర్యాదగా ‘ఇన్షాల్లా’, దేవుడు తలిస్తే, అనేవాడు. చివరికి మా డ్రైవర్ని తోడు తీసుకుని ఇంటికే వెళ్ళాను. డ్రైవర్‌ది జగిత్యాల. అరబ్బీ మంచినీళ్ళు తాగినట్టు మాట్లాడతాడు. అంతకుముందు ఎన్నో ఇళ్ళ గేట్ల దాకా వెళ్ళాను గానీ, మజ్లిస్‌లో, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే పెద్ద గదిలో, కూర్చోవడం అదే మొదలు. కఫీల్ అరవై దాటిన మనిషి. ఖర్జూరాలు పెట్టించి, కూజా అందుకుని, పిడి లేని చిన్న కప్పులో కాఫీ స్వయంగా పోసి ఇచ్చాడు.

ట్రెజరీలో నాకొక నియమం ఉండేది. పని మీద ఎదురుగా కూర్చున్నవాడి కాఫీ, ఆ పని తేలేదాకా తాగకూడదు. తాగితే మొహమాటం వస్తుంది. ఆ అలవాటు కొద్దీ కప్పు అందుకుని, తివాచీ మీద పెట్టి, ఫైలు తెరిచాను.

ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. డ్రైవర్ నన్ను మోచేత్తో పొడిచాడు.

“సార్, కప్పు కింద వెడ్తిరేంది?”

“పని అయ్యాక తాగుతాను. ఏం?”

“గీళ్ళల్ల కప్పు తాగకుండ కింద వెడితే, అడిగింది ఇస్తనంటేనే తాగుత అన్నట్టు. ఇయ్యకపోతే ఇంటికచ్చినోన్ని ఉత్తచేతులతోని పంపినట్టయితది. పెద్దమనిషి, కాదనలేడు. ఇగ అడుగుండ్రి, గిదే మోక.”

లోపలి గుమ్మానికి పరదా ఉంది. దాని పక్క నుంచి ఆమె నన్నే చూస్తోంది. అడిగితే అయిపోయేది. కానీ తెలియక పెట్టిన కప్పుతో ఒక మనిషిని కట్టిపడేయడం నాకు మింగుడుపడలేదు.

“మీ ఆచారం నాకు తెలియదు, నా ఉద్యోగపు అలవాటుతో పెట్టానని చెప్పు. తర్వాత అడుగుదాం.”

“దండం వెడత సార్. మీ నీతి దమ్మాంల విమానమెక్కినంక చెప్పుకోండ్రి.”

“చెప్పు.”

చెప్పాడు. నేనన్నవి రెండు ముక్కలు. అతను పెద్ద కథే చెప్పాడు. మధ్యలో ఏం కలిపాడో ఇప్పటికీ చెప్పడు. పరదా పక్కన ఆమె కళ్ళు దించుకుంది. అప్పుడు నేను చేసింది తప్పేమో అనిపించింది. పణంగా పెట్టింది నా సొమ్ము కాదు.

కఫీల్ లేచి లోపలికి వెళ్ళాడు. ముసలమ్మ గొంతు వినిపించింది, తర్వాత ఏడుపు. చాలాసేపటికి బయటికి వచ్చి నా ఎదురుగా తివాచీ మీద కూర్చున్నాడు. చల్లారిన కాఫీ పారబోసి, వేడిది పోసి, కప్పు నా చేతికిచ్చాడు. ఆయన అన్నది డ్రైవర్ తెలుగులో చెప్పాడు.

“తెలిసి వెట్టినా తెల్వక వెట్టినా, కప్పైతే కిందనే ఉన్నది అంటుండు. తాగుమంటుండు. మా అమ్మ ఏడుస్తున్నది, అయినా తాగు అంటుండు.”

ముసలమ్మ షరతు ఒకటుంది. వెళ్ళేలోగా కొత్త వంటామెకు పులగం నేర్పాలి. పరదా వెనక నుంచి రాజంపేట ఆమె నేర్పుతానని అరబ్బీలో అంది.

నేను తాగాను. ఆయన మళ్ళీ పోశాడు. తాగాను. మళ్ళీ పోశాడు.

“కప్పు ఊపుండ్రి సార్, సాలన్నట్టు. లేకుంటే పొద్దుగూకెదాక పోస్తనే ఉంటడు.”

పోయిన వారం ఆమె వెళ్ళింది. ఈ ఉదయం సర్దుతూ ఉంటే ఫోన్ వచ్చింది.

“పాప నా దగ్గరికి రాకుండా దూరంగా నిలబడి చూస్తాండె సార్. ఇప్పుడే ఫోను తెచ్చి నా చేతికిచ్చింది. అవ్వ ఇందులో ఉండాది, మాట్లాడు అంటాంది. ఎవురో ఒకరితో మాట్లాడకపోతే ఊరుకోదు.”

“అందుకని నాకు చేశావా?”

“ముందు ఆ ముసలామెకే చేసినా సార్. పులగం సరింగా కుదర్లేదంట.”