మేళం ఆగిన మలుపు

మొన్న మాఘంలో మా అక్క మనవడికి మా పుట్టింటి ఊళ్ళోనే సంబంధం కుదరడంతో, ఎన్నో ఏళ్ళ తర్వాత అక్కా నేనూ ఒకే కారులో పెళ్ళి ఊరేగింపు వెనక ఆ ఊరికి వెళ్ళాం. ముందు నడిచే డీజే బండి మోతకు కారు అద్దాలు అదురుతుంటే నాకు అక్క పెళ్ళి గుర్తొచ్చింది. ఆ పెళ్ళి అసలు చప్పుడే లేకుండా మొదలైంది.

మా ఊరి మొదట్లో, రోడ్డు మలుపు పక్కనే, జమ్ముగడ్డి పెరిగిన పెద్ద మడుగు ఉండేది. నీళ్ళలోనే నిలబడ్డ తుమ్మచెట్లు, వాటి నిండా కొంగల గూళ్ళు. కళ్ళాల్లో ఎండే మిరపకాయల ఘాటూ, మడుగు పచ్చి బురద వాసనా ఆ మలుపులో కలిసేవి. పైఊరివాళ్ళు ముక్కు మూసుకునేవారు గానీ మాకు మాత్రం ఇల్లు చేరామన్న గుర్తు అదే. కార్తీకంలో ఆడపిల్లలం పావడాలు ఎగదోపుకుని దిగితే కాలివేళ్ళ సందుల్లోంచి చల్లటి బురద పొంగుకొచ్చేది. తామరకాయలు తెంపి పచ్చి గింజలు ఒలుచుకు తింటే తియ్యగా ఉండి, చివర్న లోపలి మొలక చేదు నాలుకకు తగిలేది.

మాఘం నాటికి గూళ్ళలో పిల్లలుండేవి. పెద్ద చప్పుడైతే తల్లులన్నీ ఒక్కసారి లేస్తాయి, ఆ తొక్కిసలాటలో రెక్కలు రాని పిల్లలు నీళ్ళలో పడిపోతాయి. అందుకని పెళ్ళయినా చావైనా ఆ మలుపులో మేళం మోగేది కాదు. దర్శి వైపు మెట్ట ఊరినించి వచ్చే మగపెళ్ళివారికి ఇది ముందుగా చెప్పాలని మా నాన్నకు తోచనే లేదు, ఎందుకంటే మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెప్పగా నేర్చుకున్న సంగతి కాదది.

ఎదుర్కోలుకు పానకం బిందెలతో నిలబడ్డ మా ముందే నాన్న వెళ్ళి మేళం ఆపించాడు. పెళ్ళికొడుకు మేనమామకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"సన్నాయి లేకుండా పెళ్ళేమిటండీ? మేమేమన్నా పరామర్శకొచ్చామా?"

"పసిబిడ్డలున్న చోటండీ, ఈ మలుపు దాటేదాకా ఓపిక పట్టండి" అని నాన్న చేతులు జోడించాడు.

"బళ్ళు తిప్పండ్రా!" అని ఆయన కేకేశాడు. అక్కడ ఇంట్లో అక్క పెళ్ళిబుట్ట దగ్గర కూర్చుని ఉంది. పీటలదాకా వచ్చి ఆగిన పిల్లను మళ్ళీ ఎవరు చేసుకుంటారని నా పక్కనున్న అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న మాత్రం దారికి అడ్డం తొలగలేదు.

ఆ నిశ్శబ్దంలో గూళ్ళలోంచి పిల్లల గోల, బడి వదిలినప్పటిలా, వినపడింది. నీటిచుక్క కోసం మొహం వాచిన ఊళ్ళో పెరిగిన పెళ్ళికొడుకు, మా బావ, బండి దిగి, మడుగు ఒడ్డున నిలబడ్డాడు.

"ఉండు మామయ్యా, విననీ" అన్నాడు. కాసేపటికి చెప్పులు చేత్తో పట్టుకుని మలుపంతా నడిచే వచ్చాడు. మిగతావాళ్ళూ దిగి నడవక తప్పలేదు. మేళం మా పందిరి ముందే మోగింది. బావ పోయేదాకా ఆ సంగతెత్తి అక్కను ఒక్క మాట అనలేదు.

మొన్న ఆ మలుపు రాగానే అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ పాట ఆపమనవే, పిల్లలు జడుసుకుంటాయి" అంది.

బయటికి చూశాను. మడుగు పూడ్చి ప్లాట్లకు రాళ్ళు పాతారు, ఒక్క తుమ్మచెట్టూ లేదు. అక్క చెయ్యి అలాగే పట్టుకుని కూర్చున్నాను గానీ, పాట ఆపమని ఎవరికీ చెప్పలేదు. ఎంత మోగినా బెదిరి లేవడానికి అక్కడ ఒక్క రెక్క లేదు.