రాజు ముందు నిలబడ్డ గుర్రం

అశోక్‌నగర్‌లో నాది జిరాక్స్ షాపు. ఆదివారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి, పై అంతస్తులో ఉండే లెక్కల మాస్టారితో చదరంగం ఆడతాను. ఆయన నారాయణగూడలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మొదటి రోజే ఒక షరతు పెట్టారు: గెలిచినవాడికి మరుసటి వారం తెల్ల పావులు, ఓడినవాడికి నల్లవి. నేను గంగిరెద్దులా తలూపాను. ఏడాదిపాటు నల్లవాటితోనే ఆడాను.

మొదటి ఎత్తు తెల్ల పావులది కాబట్టి ఆయన ప్రతిసారీ స్పానిష్ ఓపెనింగే ఆడేవారు. మూడో ఎత్తుకే ఆయన ఒంటె వచ్చి నా గుర్రం మీద కన్నేసేది. అందరిలాగే నేనూ బంటును జరిపి దాన్ని తరిమేవాణ్ణి. ఆ దారంతా ఆయనకు కంఠతా వచ్చు. ఒక్కసారైనా తెల్లవి పట్టాలని నాకు కసి పుట్టింది.

చిక్కడపల్లి లైబ్రరీలోని ఓ పాత పుస్తకంలో, పెద్దగా ఎవరూ ఆడని జవాబు దొరికింది. రెండో గుర్రాన్ని తెచ్చి రాజు ముందు నిలబెట్టాలట. చూస్తే నవ్వొచ్చింది. అది అక్కడుంటే సొంత ఒంటెకూ, మంత్రికీ దారి బంద్. చౌరస్తాలో నడిరోడ్డు మీద ఆటో ఆపినట్టే. హాల్‌టికెట్లు కాపీ తీస్తూ అదే ఆలోచన. ఆ ధ్యాసలో ఒకాయన ఆధార్‌కు ఒక వైపే తీసి పంపాను. ఆ ఎత్తులోని కిటుకు నెలకు గానీ బుర్రకెక్కలేదు. మాస్టారి ఒంటె నా మొదటి గుర్రాన్ని చంపితే, రెండోది వెళ్లి ఆ గడిలో కూర్చుంటుంది. బంట్ల వరస చెదరదు. పక్క బంటును ఒక్క గడి జరిపితే నా ఒంటెకు వేరే దారి దొరుకుతుంది. అది అర్థమైన రోజు షాపులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఆదివారం ఆ గుర్రం పెట్టగానే మాస్టారు జాలిపడ్డారు.

“అదేంటండీ, మీ దారికి మీరే అడ్డం పెట్టుకున్నారు? కావాలంటే వెనక్కి తీసుకోండి.”

“ఉండనియ్యండి సార్. గట్లనే మంచిగుంది.”

గెలిచాను. ఆ వారమంతా కాలరెగరేసుకుని తిరిగాను.

మరుసటి ఆదివారం ఆయన తెల్లవి నా వైపు పేర్చారు. “కానివ్వండి, ఎత్తు మీదే.” నా చెయ్యి ముందుకు పోలేదు. నెల రోజులు తల బద్దలు కొట్టుకుని నేర్చుకున్నది నల్లవాటి ఎత్తు; ఆ గుర్రం ఇప్పుడు ఆయన వైపు ఉంది.

“సార్, జర బోర్డు తిప్పుకుందమా?”

“కుదరదండీ. గెలిచినవాడికి తెల్లవే.”

అంటే నా గుర్రాన్ని మళ్లీ ఆడాలంటే ఇవాళ నేను ఓడిపోవాలి. పాపం మాస్టారు నల్లవి పట్టి ఏడాదైంది, ఎత్తు ఎత్తుకీ తడబడుతున్నారు. ఆ రోజు కూడా నేనే గెలిచాను. ఏడుపొక్కటే తక్కువ.