సింహాచలంలో సముద్రం

నవ్వకుండా వింటానంటే చెబుతాను. మొన్న ఆదివారం అందరి ముందూ ఒక ముసలమ్మ చేత పాఠం చెప్పించుకొచ్చాను. ముప్పై నాలుగేళ్లు సోషల్ మాస్టారుగా పిల్లల చేత ఊళ్ల పేర్లు బట్టీ పట్టించినవాణ్ణి!

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక విజయనగరంలో ఒక చిన్న ఆర్కైవ్‌లో చేరాను. పాత ఫొటోలు, ఉత్తరాలు భద్రపరిచే చోటు. ఆ మధ్య చీపురుపల్లి వైపు ఒక ప్లీడరుగారి వారసులొచ్చి వందేళ్ల నాటి ఆల్బమ్ ఇచ్చి వెళ్లారు. ఆ ప్లీడరుగారికి కెమెరా పిచ్చి, ప్రయాణాల పిచ్చి. ప్రతి ఫొటో కిందా సిరాతో ఒక ముక్క రాసుకున్నాడు. ఆ గొలుసుకట్టు రాత ఇప్పటివాళ్లకి కొరుకుడు పడదు. నాకు కొట్టిన పిండి.

మొదటి ఫొటోలో పన్నెండేళ్ల పిల్ల మెట్ల మీద కూర్చుంది, ఒళ్లో చంటిబిడ్డ. కింద "సింహాచలం, మెట్ల మీద". ఇంకేముంది, అప్పన్న కొండ. "సింహాచల క్షేత్ర సోపానాలు" అని కార్డు రాసేశాను. రెండోదాంట్లో అదే పిల్ల, అదే బిడ్డ, మోకాల్లోతు అలల్లో. కింద "సింహాచలం, సముద్రస్నానం".

కార్డులు టైప్ చేసే శారద ఆగింది. "మాస్టారూ, సింహాచలంలో సముద్రం ఎక్కడిదండీ?"

"వందేళ్లలో ఎన్ని మారలేదమ్మా? అప్పట్లో కొండ దాకా ఉండేదేమో. పరిశోధించదగిన విషయం అని పెట్టు."

పెట్టింది పాపం. మూడోదాంట్లో మెడకి మఫ్లర్ చుట్టుకున్న మనిషి. కింద "అన్నవరం, జ్వరం తగ్గాక". నేను తగ్గుతానా? "నాటి అన్నవరంలో విషజ్వరాలు" అని రాశాను. మొత్తానికి "ఒక ప్లీడరుగారి తీర్థయాత్రలు" అని పేరు పెట్టి ఆదివారం ఎగ్జిబిషన్ ఏర్పాటు చేయించాను. పేపర్లో కూడా నాలుగు లైన్లు వేశారు.

జనం బాగానే వచ్చారు. మైకు పట్టుకుని, సముద్రం వెనక్కి జరగడం గురించి మంచి ఊపులో ఉన్నాను. ఎనభై దాటిన ఒకావిడ కోడలి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ముందుకొచ్చింది.

"బాబూ, సింహాసలం ఏదీ?"

"ఇదిగోనమ్మా, మెట్లు."

"మెట్లు కాదు బాబూ, సింహాసలం."

చదువుకోని మనిషి, విడమరిచి చెబుదాం అనుకున్నాను. "ఈ మెట్లెక్కితేనే కదమ్మా సింహాచలం వస్తుంది."

"ఎక్కడమేటి? ఆ మెట్ల మీద ఒల్లో బిడ్డనెట్టుకుని కూకున్నాది సూడు, అదే."

"ఆ అమ్మాయి ఎవరో భక్తురాలమ్మా."

"బక్తురాలేటి బాబూ, మాయమ్మ."

మైకు ఆన్‌లోనే ఉంది. హాలంతా వినబడింది.

కోడలు అసలు సంగతి చెప్పింది. వీళ్లది అరసవల్లి. ఈవిడ తల్లి పేరు సింహాచలం. ప్లీడరుగారింట్లో పిల్లల్ని ఆడించేదట. ఈవిడకి ఏడాది నిండకుండానే పోయింది.

"మాయమ్మ మొకం నాను ఎరగను బాబూ," అంది ముసలమ్మ. "పిలీడరుగారు గోపాలపురం సముద్రానికెల్తే మీయమ్మని ఎంటబెట్టుకెల్లీవోరు, పోటోలు తీసీవోరు అని మా పెద్దమ్మ సెప్పీది. పేపర్లో పిలీడరుగారి పేరు సదివి మా కోడలు సెప్పినాది. పొద్దున్నే బస్సెక్కీసినాం."

కోడలు ఫొటో వైపు చూసి, అత్త వైపు చూసి, మళ్లీ ఫొటో వైపు చూసింది. "అత్తా, నీ గెడ్డమే," అంది. ముసలమ్మ ఫొటో అద్దం మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది. నాకు సిగ్గు, ఏడుపు రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి. మా వీధిలోనే ముగ్గురు సింహాచలాలున్నారు. ఒకాయన రోజూ మా ఇంటికి పాలు పోస్తాడు. ఆ పిల్ల మొహం నేను నెలరోజులు భూతద్దం పెట్టి చూశాను, చూసిందంతా మెట్లే.

"మరి అన్నవరం?" అన్నాను నీరసంగా.

"మా మేనమావ. ఆడికెప్పుడూ జొరమే."

శారద గోడ వైపు తిరిగిపోయింది, భుజాలు కదులుతున్నాయి. నేను మైకు కట్టేశాను. పాత కార్డులు పీకేసి, అక్కడే కూర్చుని కొత్తవి నా చేత్తో రాశాను. "సింహాచలం. ప్లీడరుగారింట పిల్లలను ఆడించిన అమ్మాయి. గోపాలపురం." కార్డు మార్చినవాళ్లు కింద తమ పేరు రాయాలని మా ఆర్కైవ్ రూలు. రాశాను.

ముసలమ్మ నన్ను నమ్మలేదు. కోడలి చేత పైనుంచి కిందదాకా చదివించుకుంది. ప్రతి ముక్కకీ తలూపింది. ఆఖరి ముక్క దగ్గర ఆగి, నా వైపు జాలిగా చూసింది.

"మళ్లీ తిరుపతని రాసినావేటి బాబూ? మాయమ్మ అక్కడికి ఎప్పుడూ ఎల్లనేదు. కొట్టీయి."

"అది ఊరు కాదమ్మా," అన్నాను. "నేను."