అద్దాల పెట్టె వద్దన్న జూరాకాన్

మా బాలిక్చీ రేవులో జూరాకాన్ పేరెత్తితే ఇప్పటికీ కొందరు మగవాళ్ళు తల గోక్కుంటూ వేరే మాటలోకి దిగుతారు. అరవై నాలుగేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది, కాళ్ళకు మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఊళ్ళో అందరూ ఆమెను ఎజె అంటారు, అక్కా అని పిలిచినట్టు. అలాగని ఎవరికీ అణిగిమణిగి ఉండే అక్క కాదు.

కానీ ఒక్కసారి అణిగింది. ఆ సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

పంతొమ్మిదో ఏట ఓడల యార్డులో రంగుల ముఠాలో చేరింది. ఇరవై రెండేళ్ళు మా ఇస్సిక్-కుల్ సరస్సు మీద తిరిగే ఓడల పొట్టలు గీకి రంగు పూసింది. వాటన్నిట్లో ఆమె ప్రాణం అక్‌షుమ్‌కార్ అనే సరుకుల ఓడ మీద ఉండేది. దాని ఏ రేకు ఎక్కడ సొట్టపడిందో కళ్ళు మూసుకుని చెప్పేది. తర్వాత పాత దేశం కూలి కొత్తది వచ్చింది, సరుకుల రవాణా ఆగింది. ఒక వసంతంలో యార్డు పెద్దలు వచ్చి, "ఎజే, ఈసారి రంగు బాగా పడాలి, ఓడ మళ్ళీ నీళ్ళలోకి దిగుతోంది" అన్నారు. మూడు వారాలు నడుం విరిగేలా పూసింది. ఓడ కొత్తపెళ్ళికూతురిలా తయారైంది. కొనేవాడు వచ్చాడు, చూశాడు, మురిసిపోయాడు, కొన్నాడు. నెల తిరక్కుండా ముక్కలుగా కోసి ఇనుప సామానుకింద రైలెక్కించాడు. జూరాకాన్ యార్డు గేటు దగ్గర పదిమందితో పాటు నిలబడి చూసింది. ఆ రోజు ఆమె నోట ఒక్క మాట రాలేదు. అందుకు తనను తాను ఎప్పటికీ క్షమించుకోలేదు.

పింఛను వచ్చాక మోడల్ పడవల క్లబ్బులో చేరింది. రేడియోతో నడిచే పడవలు, మీటరు పొడవువి. పాత రోజుల్లో పిల్లలకు పడవలు చేయడం నేర్పిన షెడ్డే క్లబ్బు. మొదటి రోజు ఒకాయన, "ఎజే, కిటికీలకు తెరలు కుట్టడానికి వచ్చారా?" అన్నాడు. "నీ పడవకు పొట్టకింద పుట్టీ ఎగుడుదిగుడుగా ఉంది, ముందు అది చూసుకో" అంది. అతను పడవను తిరగేసి చూశాడు. నిజమే.

రేడియో పని మాత్రం ముసలి అర్కాదీ దగ్గర నేర్చుకుంది. అతను ఒకప్పుడు రేవులో వైర్‌లెస్ మనిషి. పడవలోని రిసీవరుకు తడి తగలకుండా పిల్లల గాలిబుడగలో దూర్చి మూతి కట్టేవాడు. అన్నిటికంటే ముందు మేకుల పలక గురించి చెప్పాడు. షెడ్డు గోడకు పలక ఉంటుంది, దాని మీద రంగుకో మేకు. ఒక్కో రంగు ఒక్కో రేడియో దారి. తన పేరు రాసిన బట్టల పిన్నును తన రంగు మేకుకు తగిలించాకే పడవను నడిపే చేతిలోని రేడియో డబ్బా స్విచ్చి నొక్కాలి. అక్కడ అప్పటికే ఇంకొకరి పిన్ను ఉంటే కూర్చుని టీ తాగాలి. ఒకే రంగు డబ్బాలు రెండు ఒకేసారి మోగాయంటే నీళ్ళలో పడవకు పిచ్చెక్కినట్టే. జూరాకాన్ రంగు ఆకుపచ్చ. క్లబ్బు అధ్యక్షుడు కాసిమాలీదీ ఆకుపచ్చే.

షెడ్డు అటక మీద అక్‌షుమ్‌కార్ మోడల్ దొరికింది. యార్డువాళ్ళే ఎప్పుడో చేసిన బొమ్మ. పలకలు విడిపోయాయి, ఎలుకలు గూడు పెట్టాయి. కాసిమాలీ ఆమెకు ఇచ్చి, "ఎజే, మే నెల పోటీకి దీన్ని బాగుచెయ్యండి. మీకంటే దీన్ని ఎరిగినవాళ్ళు ఎవరు?" అన్నాడు. శీతాకాలమంతా ఆమె వంటగది బల్ల మీద ఆ ఓడే. పైన్ చెక్కను సన్నగా చీల్చి పలకలు మార్చింది, తడి ఉప్పుకాగితంతో రుద్దింది, పలుచగా ఏడు పూతలు వేసింది. అసలు ఓడకున్న సొట్టను కూడా కుడివైపు అదే చోట పెట్టింది.

పోటీకి రెండు రోజుల ముందు తెలిసింది. ఒడ్డున కొత్తగా కట్టిన హోటల్ హాల్లో అద్దాల పెట్టె సిద్ధంగా ఉందట. ఓడ అందులోకి వెళ్తుందట. బదులుగా హోటల్ మేనేజరు రినాత్ క్లబ్బుకు కొత్త డబ్బాలు రెండు ఇస్తాడట.

జూరాకాన్‌కు ఒళ్ళు మండిపోయింది. నేరుగా షెడ్డుకు వెళ్ళింది.

"రెండోసారా? నాతో రంగు వేయించుకుని ఇంకొకరి చేతిలో పెట్టడం నీకూ అలవాటైందా?"

"అయ్యో ఎజే, కోసేయడానికి కాదుగా! అద్దంలో పదికాలాలు భద్రంగా ఉంటుంది" అన్నాడు కాసిమాలీ.

"భద్రంగా ఉండాల్సింది ఊరగాయ. ఇది ఓడ."

"ఓడే, కానీ ముసలిది. నీళ్ళలో నిలబడదు."

"నిలబడితే?"

చుట్టూ ఉన్నవాళ్ళు చెవులు రిక్కించారు. అంతమందిలో వెనక్కి తగ్గడం కాసిమాలీ వల్ల కాలేదు. "సరే. పోటీలో ఆరు గేట్లూ తగలకుండా దాటించి, చివర డాక్‌లో ఆపండి. చేస్తే క్లబ్బులోనే ఉంటుంది, మీరే నడుపుకోండి. తగిలిందా, హోటలుకే" అన్నాడు. జూరాకాన్ చెయ్యి చాచింది. చేతులు కలిపారు.

పోటీ నాడు రేవు లోపలి నీళ్ళు పొద్దున కదలకుండా ఉన్నాయి. గట్టు మీద టీ కాగే సమోవర్, పళ్ళెంలో వేయించిన పిండివంట బోర్‌సోక్‌లు, పొగబెట్టిన చేపలు. రినాత్ తెల్లబూట్లు వేసుకుని వచ్చాడు. జూరాకాన్ తన పిన్నును ఆకుపచ్చ మేకుకు తగిలించి ఓడను దించింది. రెండేసి ఎర్ర బుడగల మధ్య నుంచి ఒక గేటు, రెండు, మూడు. నాలుగో గేటు దాటుతుండగా ఓడ ఉన్నట్టుండి గిర్రున తిరిగింది. ఆమె డబ్బా మీద ఓడను తిప్పే పుల్ల నుంచి వేలు తీసేసింది. అయినా తిరుగుతూనే ఉంది.

"ఆకుపచ్చ ఎవరు?" అని గట్టు దద్దరిల్లేలా అరిచింది.

మా వాళ్ళలో ఆ కేక వినబడితే ఎవడి డబ్బా వాడు చూసుకుంటాడు. అందరూ చూసుకున్నారు. ఓడ దానంతటదే ఆగింది, కానీ అప్పటికే ముక్కు కాంక్రీటు గట్టుకు కొట్టుకుంది. టప్‌మని పలక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

కాసిమాలీ మెల్లగా నడిచొచ్చాడు. "ఎజే, నాకూ బాధగానే ఉంది. కానీ తగిలిందంటే తగిలినట్టే."

ఆమె షెడ్డు గోడ మీది మేకుల పలక వైపు చూసింది. ఆకుపచ్చ మేకుకు తన పిన్ను ఒక్కటే ఉంది. తర్వాత కాసిమాలీ కోటు చూసింది. అతని పిన్ను కాలరుకే ఉంది. అతని వెనక బల్ల మీద, రినాత్‌కు చూపించడానికి పెట్టిన అతని సొంత పడవ, దాన్ని తోసే మెరిసే ఇత్తడి ఫ్యానుతో. జూరాకాన్ తన డబ్బా మీది పుల్లను ముందుకు తోసింది.

బల్ల మీద కాసిమాలీ పడవ ఫ్యాను గుర్రుమని తిరిగింది. పక్కనున్న బోర్‌సోక్ పళ్ళెం మీది కాగితం ఎగిరిపోయింది.

గట్టంతా పగలబడి నవ్వింది. కేక వినగానే తన ఆకుపచ్చ డబ్బా ఆపేశాడు గానీ, పెద్దమనిషి పడవ స్విచ్చి ఆపడం మరిచాడు!

"మేనేజరుగారు చూస్తానన్నారని... ఒక్క నిమిషమే కదా అని..." కాసిమాలీ ముఖం చేపపొలుసులా పాలిపోయింది.

"ఆ పిన్నుల నియమం రాసింది ఎవర్రా?" అన్నాడు అర్కాదీ. "నువ్వే కదా, కిందటేడు, పెద్దక్షరాలతో!"

"మళ్ళీ నడుపుతాను" అంది జూరాకాన్. "మొదటి గేటు నుంచి."

"నడపండి, మీ హక్కే. కానీ ఇవాళ వద్దు. ముక్కు పగిలింది, ఉలాన్ గాలి కూడా లేస్తోంది" అన్నాడు కాసిమాలీ. ఈ మాట మాత్రం నిజం. కనుమ వైపు నుంచి పడమటి గాలి అప్పుడే సమోవర్ పొగను వంచేస్తోంది.

"ఇవాళే. నీ రేపులు నేను చాలా చూశాను."

అర్కాదీ పగులులోకి సబ్బు మెత్తి పైన టేపు చుట్టాడు. "జూరా, ఇది పది నిమిషాలు ఆగుతుంది. పదకొండోది నన్ను అడక్కు" అన్నాడు.

రెండు గేట్లు దాటేసరికి అలలు లేచాయి. నాలుగో గేటు దగ్గర టేపు ఊడింది. ఐదో గేటుకు ఓడ ముక్కు బరువెక్కి వంగింది, అల వచ్చినప్పుడల్లా డెక్కు మీద నుంచి పారుతోంది. రినాత్ తెల్లబూట్లతోనే నీళ్ళ అంచుదాకా పరిగెత్తాడు.

"బయటికి తీయించండి ఎజే! మునిగిపోతుంది! అంత అందమైన వస్తువు పాడైపోతుంది!"

"పాడైతే నీళ్ళలో పాడవుతుంది!" అంది జూరాకాన్, కళ్ళు తిప్పకుండానే. "ఓడలు అలాగే పాడవుతాయి. నీ హాల్లో దుమ్ము పట్టి కాదు."

ఆమెకు భయం వేసింది, ఆ మాట ఆమే తర్వాత చెప్పింది. కానీ వేగం తగ్గించలేదు, తగ్గిస్తే ముక్కు ఇంకా దిగుతుంది. ఆరో గేటు దాటింది. డాక్ అంటే మూడు పలకల గూడు, వెడల్పు ఓడకంటే నాలుగు వేళ్ళు ఎక్కువ. గాలి పక్క నుంచి తోస్తోంది. ఆమె ఓడను గాలికెదురుగా వంకర పెట్టి, గాలే దాన్ని లోపలికి నెట్టేదాకా ఆగి, ఫ్యానును ఒక్కసారి వెనక్కి తిప్పి ఆపింది. ఓడ డాక్‌లో నిలిచింది. ఏ పలకకూ తగల్లేదు. నీటిమీద పొగగొట్టం, పై గది మాత్రమే కనిపిస్తున్నాయి.

గట్టు మీద ఎవరూ నవ్వలేదు. కాసిమాలీ పుస్తకంలో ఆరు గీతలు గీశాడు, ఏడోది డాక్‌కు. తర్వాత టోపీ తీశాడు.

జూరాకాన్ బూట్లతో నీళ్ళలోకి దిగి ఓడను ఎత్తింది. ముక్కులోంచి నీళ్ళు ధారగా కారి ఆమె ఒళ్ళంతా తడిపాయి. రినాత్ ఇంకా పట్టు వదల్లేదు. "ఎజే, పోనీ వేసవికి అతిథులు చూసుకోవడానికి ఒక్క నెల ఇవ్వండి. మళ్ళీ పువ్వులా తెచ్చి ఇస్తాను."

"ఇవ్వను."

పెద్దగా అరవలేదు. కానీ ఆ మాట అని ఆమె కాసేపు అలాగే నిలబడింది, మోకాళ్ళ లోతు చల్లటి నీళ్ళలో, ఓడను గుండెకు ఆనించుకుని. అర్కాదీ చెయ్యి అందించబోతూ చూశాడు. ఆమె ఏడుస్తోంది.

"ఏమైంది జూరా? గెలిచావు కదా."

"ఎంత చిన్న మాటో చూశావా అర్కాదీ" అంది. "ఆ రోజు యార్డు గేటు దగ్గర ఇది కూడా నా నోట రాలేదు."