రెండు మోకాళ్ళకి రెండు మందులు

నా చిన్నప్పుడు నౌపడ ఉప్పు మడుల్లో ఎవరికి దెబ్బ తగిలినా ముందు మా తాతయ్య దగ్గరికే వచ్చేవారు. ఉప్పు కోసిన కాళ్ళకైనా, చీము పట్టిన వేళ్ళకైనా ఆయన చెయ్యి పడితే చాలనేవారు. నాకైతే ఆయన తర్వాతే దేవుడు.

ఒకసారి మడి గట్టు మీంచి జారిపడి నా రెండు మోకాళ్ళూ చెక్కుకుపోయాయి. ఉప్పునీళ్ళూ బురదా చేరి రెండూ చీము పట్టాయి. తాతయ్య కుడి మోకాలికి తేనె రాసి కట్టాడు, ఎడమదానికి వేపాకూ పసుపూ నూరి కట్టాడు. ఎందుకలా అని అడిగితే నవ్వాడు.

"మా బుల్లి అంటే ఏటనుకున్నావు? అందరికీ ఒక మందు, నీకు రెండు," అన్నాడు.

నేను పొంగిపోయాను. వీధంతా కుంటుకుంటూ తిరిగి ఆ గొప్ప చెప్పుకున్నాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

తేనె కట్టిన మోకాలు ఆరుతూ వచ్చింది. రెండోది ఉబ్బి, సలుపు ఎక్కువై, జ్వరం తెచ్చింది. దానికీ తేనె కట్టమని ఏడ్చాను. ఇంకొన్నాళ్ళు చూద్దామని తాతయ్య మళ్ళీ వేపాకే నూరాడు. రోజూ రెండు కట్లూ విప్పి, దీన్నీ దాన్నీ మార్చి మార్చి చూసేవాడు. అదంతా నా మీద బెంగ అనుకున్నాను.

ఒక పొద్దున్న ఆయన తేనె ముంత పట్టుకుని షావుకారు ఇంటికి బయల్దేరాడు. మేం పనిచేసే మడులు ఆ షావుకారువే. ఆయన కొడుకు కాలి మీద పుండు ఎంతకీ మానడం లేదని ఊరంతటికీ తెలుసు. నేనూ వెంటపడి వెళ్ళి అరుగు కింద నిలబడ్డాను.

"మా మనవరాలికి రెండూ కట్టి సూసేను బాబూ. వేపాకు కట్టింది సీము పట్టేసినాది, తేనె కట్టింది మానిపోనాది. సిన్నబాబుకి తేనే కడతాను," అన్నాడు తాతయ్య, నా ఎదురుగానే.

నాకు ఒళ్ళు మండిపోయింది. షావుకారు కొడుక్కి పొరపాటు మందు కడితే మాకు పనిపోతుంది, నిజమే, ఆ సంగతి ఆ వయసులోనూ నాకు తెలుసు. కానీ ముద్దు చేసి మరీ మోసం చేశాడు. తేనె అంతా అక్కడే అయిపోయింది. నా ఎడమ మోకాలు ఎన్నో నెలలకి మానింది గానీ ఇప్పటికీ పూర్తిగా మడవలేను. తాతయ్య పోయేదాకా ఆయన చేత మరి కట్టు కట్టించుకోలేదు. ఎందుకని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

మొన్న చక్కెర జబ్బుతో పాదానికి పుండు పడితే, ఆధార్ కార్డు పట్టుకుని శ్రీకాకుళంలో ఆసుపత్రికి వెళ్ళాను. నా మనవరాలి వయసున్న డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. చీము పట్టకుండా వెండి కలిపిన కట్టు మంచిదా, అయోడిన్ కట్టు మంచిదా అని పోల్చి చూస్తున్నారట. నాకు ఏది కడతారో ముందుగా తెలియదట. ఇష్టమైతేనే ఆ పరీక్షలో చేరమంది.

వద్దంటే ఏమవుతుందని అడిగాను.

"ఏమీ కాదమ్మా. మామూలుగా కట్టు కడతాం," అంది.

ఆ పిల్ల మంచిదే, ఆ కట్లూ మంచివే అయ్యుంటాయి. అయినా వద్దన్నాను. ఇలా తాతయ్య అడిగి ఉంటే, ఆయనకి మాత్రం సరే అనేదాన్ని.