ఒడ్డెక్కాడని ముందే చెప్పాలా?

గోదావరి మీద జరిగింది ఏదైనా చెప్పాలంటే, చేపల వేటకు వెళ్లే మా ఇళ్లలో మొదట "అందరూ ఒడ్డెక్కార్లే" అనాలి. కథ ఆ తర్వాతే. వినేవాళ్లలో ఎవరి మనిషో ఆ వేళ నీళ్ల మీద ఉంటాడు కదా.

నేను మనవలు పుట్టాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. మా వయోజనుల బడిలో చివరి రోజు చదవడానికి సొంతంగా ఏదైనా రాసుకురమ్మని టీచరు గారు చెప్పారు. నా మొదటి వాక్యం ఇది: "వరదలో కొట్టుకుపోయిన మా ఆయన బతికి వచ్చాడు."

కోడలు చేపకు పొలుసు తీస్తూ విన్నది.

"అయిపోయిందిగా అత్తయ్యా! ఇంక మిగతాది ఎందుకంట?" అని నవ్వింది.

నాకు దిగులు పట్టుకుంది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేదాన్ని. బడిలో ఆడవాళ్లంతా చివరిదాకా వింటే చాలనుకున్నాను. మధ్యలో లేచిపోతే మళ్లీ బలపం పట్టనేమోనని భయం.

ఆ ఆదివారం టీవీలో పాత నలుపు తెలుపు సినిమా వేశారు. హత్యల సినిమా. మొదట్లో మేడమెట్లు ఎక్కుతున్న రెండు కాళ్లు, అంతే. ముఖం లేదు. చెప్పుల కిర్రు తప్ప వాయిద్యం కూడా లేదు. వెంటనే వంటింట్లో ఒకామె కూనిరాగం తీస్తూ పాలు కాస్తోంది. మళ్లీ కాళ్లు, ఈసారి ఇంకా దగ్గరగా. మళ్లీ పాలు, పొంగు అంచుదాకా వచ్చింది. ఆమె వెనక తలుపు గడియ మెల్లగా కదిలింది. అది మాకు కనిపిస్తోంది, ఆమెకు కనిపించడం లేదు.

"వెనక్కి చూడవే!" అని టీవీ మీద కేకేశాను.

"చూశారా, ముఖం దాచేసి ఆ సినిమా తీసినాయన మిమ్మల్ని ఎలా కూర్చోబెట్టాడో!" అంది కోడలు.

మర్నాడు మొదటి వాక్యం కొట్టేశాను. తెగిన పడవ తాడుతో మొదలుపెట్టాను. తర్వాత మా పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం. మళ్లీ వరద ఎర్రనీళ్లు. మా ఆయన బతికాడన్న ఊసే ఎత్తలేదు.

చివరి రోజు చదివాను. అక్షరం అక్షరం కూడుకుంటూ పోతుంటే వాక్యం కొస ఎంతకీ వచ్చేది కాదు. ఎవరూ కదల్లేదు. ముందు వరసలో ఒక పిల్ల కొంగు నోట్లో పెట్టుకుంది. దాని మొగుడు ఆ రోజు సముద్రం మీద ఉన్నాడు.

"ముందు ఇది చెప్పు పిన్నీ, ఒడ్డెక్కాడా లేదా?"

దాని కళ్లు చూశాక దాచలేకపోయాను.

"ఎక్కాడమ్మా. ఇంటి దగ్గర చుట్ట కాల్చుకుంటున్నాడు."

అందరూ నవ్వారు. ఇక అయిపోయిందనుకుని కాగితం మడవబోయాను.

"అదేంటి, మడిచేస్తున్నావ్?" అంది వెనకనుంచి ఒకావిడ. "తాడు తెగింది కదా, మరి దేన్ని పట్టుకున్నాడు?"

"ఉండండి, తొందరపెడితే నాకు అక్షరాలు కనపడవు."

టీచరు గారు వెలుతురు కోసం కిటికీ తెరిచారు. నేను మళ్లీ వేలు పెట్టాను.

"అ... ర... టి..."

"బోదెనా!" అని అరిచింది ముందు వరస పిల్ల.

"ఉండవే," అన్నాను, "నన్ను చదవనీ."